బల్ల మీద అందరూ మంచోళ్ళే

పోయిన నెల మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక సంతాప సందేశం వచ్చింది. క్రెయిగీబర్న్‌లో ఉండే కర్నూలు ఆంటీ కాలం చేశారనీ, ఆమె చేతి బిర్యానీ రుచిని మెల్‌బోర్న్ తెలుగువాళ్ళు ఎప్పటికీ మరిచిపోలేరనీ రాశారు. దాని కింద వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు.

నేను దణ్ణం బొమ్మ పెట్టలేదు. అభ్యంతరం పెట్టాను.

ఆమె బిర్యానీ నేను తిన్నాను. అన్నం దారి అన్నానిది, మాంసం దారి మాంసానిది. ఉప్పు మన అదృష్టాన్ని బట్టి ఉండేది. వంట తనకు చేతకాదని ఆమే చెప్పేది, అందులో సిగ్గుపడేది కూడా కాదు. ఒకసారి పెద్ద దావతుకు వంటవాడు చేసిన బిర్యానీని ఆమె చేసిందనుకుని ఎవరో మెచ్చుకున్నారు. అప్పటినుంచి ఆ పేరు ఆమెకు అతుక్కుపోయింది. ఆమె నిజంగా చేసిన పని ఏమిటో ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు. కరెంటు బండ్ల మోటార్లకు ఎంత కరెంటు పోవాలో నిర్ణయించే పెట్టెను కంట్రోలర్ అంటారు. ఆ పెట్టెల్లో జబ్బు ఎక్కడుందో కనిపెట్టడంలో ఈ ఊళ్ళో ఆమెను మించిన ఇంజనీరును నేను చూడలేదు. నా ఉద్యోగం, నా వీసా, నా పేరు ఒక జనవరి నెలలో ఆమె వల్ల దాదాపు పోయాయి, ఆమె వల్లే నిలబడ్డాయి.

నాకు ఇలాంటివి గుర్తుంటాయి. నా ఇంటిపేరు తప్పు అచ్చువేసిన ఉగాది సంచిక ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆమె నన్ను అన్న మాటలు కూడా అన్నీ గుర్తున్నాయి. వాటిని దాచను. దాచితే ఆమె బొమ్మ సరిగ్గా రాదు.

మనిషి సన్నగా ఉండేది. సల్వార్ కమీజు మీద నీలం రంగు వర్క్‌షాపు కోటు, దుపట్టా వెనక్కి తిప్పి బిగించి కట్టిన ముడి, దళసరి కళ్ళద్దాలు. ఏది అడిగినా ముందు కళ్ళద్దాలు తీసేది. దుపట్టా చివరతో ఒక అద్దం తుడిచేది. వెలుతురుకు పెట్టి చూసుకునేది. రెండో అద్దం తుడిచేది. అప్పుడు జవాబు చెప్పేది. తొందరలో ఉన్నవాడికి ఆ కాసేపట్లో ఒళ్ళు మండిపోయేది. నేనెప్పుడూ తొందరలోనే ఉండేవాణ్ణి.

అప్పట్లో మేమంతా తారీఖుల మనుషులం. కంప్యూటర్లు రెండువేల సంవత్సరాన్ని పంతొమ్మిది వందలనుకుంటాయన్న భయంతో ప్రపంచమంతా మమ్మల్ని పిలిచింది. నన్ను పిలిచింది మెల్‌బోర్న్ పడమటి శివారులో ఒక చల్లని గోదాము. ఇప్పుడు ట్రుగనీనా వైపు వెళితే చూపు ఆనినంత మేర గోదాములే. ఆ రోజుల్లో గడ్డి, గాలి, మధ్యలో మా గోదాము. లోపల గడ్డకట్టిన చేపలు, బఠానీలు, ఐస్‌క్రీములు. వాటిని కరెంటు ఫోర్క్‌లిఫ్ట్‌లు మోసేవి. ఏ పెట్టె ఏ అరలో పెట్టాలో చెప్పే ప్రోగ్రాము ఒకటుండేది. దానిలోని తారీఖులు సరిచేయడం నా పని. ప్రతి ఫోర్క్‌లిఫ్ట్ మీదా ఒక చిన్న తెర ఉండేది. నా ప్రోగ్రాము ఆ తెర మీద అర నంబరు చూపించేది, అంతే. తెరకూ మోటారుకూ మధ్య ఏ సంబంధమూ లేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. విమానాలు కూలలేదు, బ్యాంకులు మూతపడలేదు. మా గోదాములో మాత్రం ఆ వారంలోనే ఫోర్క్‌లిఫ్ట్‌లు ఎక్కడివక్కడ ఆగిపోవడం మొదలైంది. ఇవాళ ఒకటి, రేపు రెండు. తాళం తిప్పితే కంట్రోలర్ మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది, బండి కదలదు. కంట్రోలర్ ఊడదీసి వర్క్‌షాపుకు పంపితే, అక్కడ పరీక్షించి, ఏ దోషమూ లేదని రాసి వెనక్కి పంపారు. మరొకటి పంపారు. అదీ అంతే.

పొద్దున్నే పని మొదలయ్యే ముందు సరుకులు దించే డాక్ మీద అందరూ నిలబడి ఒక చిన్న మీటింగు పెట్టుకునేవాళ్ళం. ఆ మీటింగులో మేనేజరు చేతిలోని కాఫీ కప్పుతో నన్ను చూపించి అన్నాడు.

ఫోర్క్‌లిఫ్ట్‌లను అక్కడ ట్రక్కులనే అంటారు. “డిసెంబరు దాకా ట్రక్కులు బాగా నడిచాయి. మన డేట్ గై వచ్చి చెయ్యి పెట్టాడు. కంట్రోలర్లు బాగున్నాయని వర్క్‌షాపు చెప్తోంది. మరి మిగిలిందేమిటి, మేట్?”

డ్రైవర్లు నవ్వారు. నవ్విన వాళ్ళు ఎవరెవరో నేను ఇప్పటికీ చెప్పగలను. నెలాఖరుకల్లా తేలకపోతే కాంట్రాక్టు రద్దన్నాడు. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది. మా ఆవిడ ఈ దేశంలో దిగి ఇంకా సూట్‌కేసులు పూర్తిగా విప్పలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరునాడు పొద్దున్నే సన్‌షైన్ అనే పేటలో ఉన్న ఆ వర్క్‌షాపుకు పోయాను. కంట్రోలర్లు బాగున్నాయని రాసిన మనిషెవరో నాకు కావాలి.

లోపల బల్ల ముందు ఆమె కూర్చుని ఉంది. మీ రిపోర్టు వల్ల నా ఉద్యోగం పోతోందని ఇంగ్లీషులో గట్టిగానే అన్నాను. కళ్ళద్దాలు తీసింది. తుడిచింది. పెట్టుకుంది.

“గుంటూరోడివా?” అంది తెలుగులో.

“తెనాలి. మీకెలా తెలిసింది?”

“నీ ఇంగ్లీషు ఇన్యాను గదా.”

అది మొదటి అవమానం.

“రిపోర్టులో నీ పేరు యాడుండాదప్పా?” అంది.

“నా పేరు లేదండీ. కంట్రోలర్లు బాగున్నాయని ఉంది. అవి బాగుంటే తప్పు నాదేనంటున్నారు.”

“బాగుండేదాన్ని బాగలేదని రాయమంటావా?”

“ఆగిపోయిన బండిలోంచి ఊడదీసిన దాన్ని బాగుందని ఎట్లా రాస్తారు?”

ఈసారి కళ్ళద్దాలు తుడవడానికి ఎక్కువసేపు పట్టింది.

“బల్ల మీద అందరూ మంచోళ్ళే,” అంది. “ఈడికొచ్చి కూర్చున్నాక ఏ పెట్టె అయినా పద్ధతిగానే ఉంటాది. నేను చూసింది ఇదే. చూసిందే రాస్తా.”

“అయితే బల్ల మీద చూడకండి. అక్కడికొచ్చి చూడండి.”

“నాకేం పనిలేదా?”

గోడవారగా ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చున్నాను. వస్తానని చెప్పేదాకా లేవనన్నాను. ఆమె సరేనన్నట్టు తలూపి తన పని తను చేసుకుంది. మధ్యాహ్నం డబ్బా తెరిచి పెరుగన్నం తింది. నువ్వు తిన్నావా అని అడగలేదు. తెలుగు మనిషి, తెలుగు మనిషి ఎదురుగా కూర్చుని, అడగకుండా తింది. అది రెండోది.

పొద్దు వాలాక స్క్రూడ్రైవర్ కింద పెట్టి నా వైపు తిరిగింది.

“మొండోడివప్పా నువ్వు. నాకు మొండి కేసులంటే ఇష్టం. రేపొస్తా. పొయ్యి అన్నం తిను.”

మరునాడు వచ్చింది. మీటరు చేతిసంచిలో ఉంది కానీ తీయలేదు. ముందు కనిపించిన ప్రతివాణ్ణీ ఒకటే ప్రశ్న అడిగింది. అదే ప్రశ్నను ఆ తర్వాత నేను వందలసార్లు విన్నాను. “చూసినావా, విన్నావా?” మేనేజరును ఇంగ్లీషులో అదే అడిగింది. సాఫ్ట్‌వేర్ ట్రక్కుల్ని ఆపడం మీరు చూశారా, విన్నారా?

“అందరికీ తెలిసిన సంగతే,” అన్నాడతను.

ఆమె నా వైపు తిరిగి, “అంటే ఎవడూ చూడలే,” అంది.

భోజనాల తర్వాత తాళం తిప్పితే, చల్లగది తలుపు దగ్గర ఒక బండి కదలనంది. దాన్ని నడిపే ముసలాయన మాల్టా దేశంవాడు. అలవాటు ప్రకారం తాడు తెచ్చాడు. ఆగిన బండిని వెనకవైపు ఎండలోకి లాగి నిలబెట్టడం అక్కడి పద్ధతి. దారికి అడ్డం ఉండకూడదు, మెకానిక్‌కు చలి ఉండకూడదు. ఆమె బండికీ తాడుకూ మధ్య నిలబడింది.

“ఏమీ ముట్టుకోవద్దు. ఎక్కడ ఆగిందో అక్కడే ఉండాలి,” అంది అతనితో.

“లవ్, అది దారికి అడ్డం,” అన్నాడు. ఆడవాళ్ళను అక్కడి పెద్దవాళ్ళు అలాగే పిలుస్తారు.

“రోగిని ఆస్పత్రికి తీసుకుపోయేలోపు రోగం దిగిపోతోంది. నాకు రోగం కావాలి.”

ముసలాయన తాడు చుట్టేసుకుని, ఇది చూడాల్సిందేనన్నట్టు ఒక పెట్టె మీద కూర్చున్నాడు.

ఆమె వంగి ఎర్రదీపం ఎన్నిసార్లు మిణుకుమంటోందో చూసింది. ఆ మిణుకుల లెక్కను బట్టి కంట్రోలర్ తన బాధ చెప్పుకుంటుంది. పెడల్ మీద కాలు ఉందని అది చెప్తోంది. కాలు పెట్టి ఉండగా తాళం తిప్పితే బండి ఎగిరి ఎవరినైనా గుద్దుతుందని, అలాంటప్పుడు కదలకుండా ఉండేట్టు దాన్ని తయారుచేశారు. కానీ పెడల్ మీద ఎవరి కాలూ లేదు.

“దీనికెవరో అబద్ధం చెప్తాండారు,” అంది.

లోపల నడుస్తున్న బండ్లు ఎలా ఉన్నాయో చూస్తానని, గోదామువాళ్ళిచ్చిన దళసరి కోటు తొడుక్కుని చల్లగదిలోకి పోయింది. కాసేపటికి తలుపు తెరుచుకుని బయటికి వచ్చింది. ఆ దేశంలో జనవరి అంటే నడి వేసవి, ఆ రోజు ఎండకు తోడు ఉక్కపోత. డాక్ మీద అడుగు పెట్టగానే ఆమె కళ్ళద్దాలు రెండూ తెల్లగా మసకబారిపోయాయి. అలవాటుగా చెయ్యి దుపట్టా కోసం పోయింది. పోయి, మధ్యలో ఆగింది.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకోకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మసక అద్దాలతోనే తడుముకుంటూ బండి దగ్గరికి వచ్చి, మూత కిందికి చెయ్యి పోనిచ్చి, పెడల్ తీగలు కంట్రోలర్‌లో కలిసే ప్లగ్గును పట్టుకుంది. చెయ్యి బయటికి తీసి అరచేయి నాకు చూపించింది. తడి.

“మే నెలలో చల్లనీళ్ళ గ్లాసు బల్ల మీద పెడితే ఏమైతాది?”

“బయట చెమట పడుతుంది.”

“అదే ఇది. చల్లగదిలోంచి ఉక్కలోకి వస్తే దీనికీ చెమట పట్టింది. రెండు పిన్నుల మధ్య నీళ్ళబొట్టు. దాని మీదుగా కరెంటు దాటింది. పెట్టె ఏమనుకుంది? కాలు పెట్టినారనుకుంది. మీరు ఎండలోకి లాగినారు. ఆరింది. నా బల్ల మీదికొచ్చింది. మంచిదైపోయింది.”

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మేనేజరు మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఈ గోదాము ఎన్నో ఏళ్ళుగా చల్లగానే ఉంది, బండ్లు ఎన్నో ఏళ్ళుగా లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాయి, మరి జనవరిలోనే ఎందుకు మొదలైంది అన్నాడు. అది మంచి ప్రశ్న. అతని నోట్లోంచి వచ్చిన ఒకే ఒక్క మంచి ప్రశ్న.

“డిసెంబరుకూ ఇప్పటికీ ఏం మారింది?” అని ఆమె అందర్నీ అడిగింది. ఏమీ మారలేదన్నారు. మేనేజరు ఏమీ మారలేదన్నాడు. ముసలాయన బుర్ర గోక్కున్నాడు. నేను కూడా ఏమీ లేదనబోయాను. అప్పుడు మేనేజరు చేతిలోని కాఫీ కప్పు కనబడింది.

నాకు గుర్తొచ్చింది. గుర్తురావడమేమిటి, ఎప్పుడూ మరిచిపోయిందే లేదు. డిసెంబరు ఆఖరి రోజు పొద్దున ఇదే డాక్ మీద, ఇదే కప్పు పట్టుకుని, ఇతను ఒక ఆర్డరు వేశాడు. అర్ధరాత్రి తారీఖు మారగానే చల్లగది తలుపులు బిగుసుకుపోతే బండ్లన్నీ లోపల ఇరుక్కుంటాయి కాబట్టి, అన్నిటినీ బయటికి తీయమన్నాడు. చార్జర్లను కూడా డాక్ మీదికి మార్చమన్నాడు. అంతవరకూ అవి చల్లగదికీ డాక్‌కూ మధ్య ఉన్న పొడి గదిలో ఉండేవి. టీకీ భోజనానికీ మనుషులు పోయినప్పుడు బండ్లు అక్కడే నిలబడి చార్జింగు ఎక్కించుకునేవి. తలుపులకు తారీఖుతో పనిలేదనీ, వాటికి మీట తప్ప కంప్యూటరే లేదనీ నేను అన్నాను. దానికి అతను అందరి ముందూ ఇచ్చిన జవాబు మాటకు మాట నాకు గుర్తుంది. “నీ తారీఖులు నువ్వు చూసుకో మేట్, నా ట్రక్కులు నేను చూసుకుంటాను.” జనం నవ్వారు. చార్జర్లను మళ్ళీ లోపలికి మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఇదంతా నేను అక్కడే, ఏ మాటా వదలకుండా అప్పజెప్పాను. ఎవరు ఎక్కడ నిలబడి నవ్వారో కూడా చెప్పాను. ముసలాయన, “హీ ఈజ్ రైట్, యు నో,” అన్నాడు.

బయట ఉక్కలో చార్జింగుకు నిలబడిన ప్రతిసారీ ప్రతి బండికీ చెమట పట్టింది. అందరూ భయపడిన తారీఖుల బగ్ ఎక్కడా లేదు. దానికి భయపడి చేసిన పనే బండ్లను ఆపింది.

ఆమె కళ్ళద్దాలు అప్పటికి తుడుచుకుంది. నా వైపు తిరిగింది.

“ఈ పెట్టెకు నిన్న జరిగింది గుర్తుండదు. ఈళ్ళకూ గుర్తుండదు. నీకు మాత్రం అన్నీ గుర్తుండాయి. నీ ఏడుపు ఇన్నాళ్ళకు పనికొచ్చిందప్పా.”

మెచ్చుకోలు సగం, అవమానం సగం. రెండూ గుర్తుపెట్టుకున్నాను.

ఊహల మీద చార్జర్లు మార్చనని మేనేజరు అన్నాడు. ఆమె వాదించలేదు. పరీక్షకని సగం చార్జర్లు మాత్రం లోపలికి తెప్పించి, సగం బండ్లకు పొడి గదిలో, సగం బండ్లకు బయట డాక్ మీద చార్జింగు పెట్టించింది. వారమంతా చూశాం. బయటివి ఆగుతూనే ఉన్నాయి. లోపలివి ఒక్కసారి కూడా ఆగలేదు.

వారం తర్వాత పొద్దున మీటింగుకు ఆమె వచ్చింది. చేతిసంచిలోంచి జుట్టు ఆరబెట్టుకునే హెయిర్ డ్రైయర్ తీసింది. అందరూ మళ్ళీ నవ్వారు, ఈసారి ఆమెను చూసి. కొత్తగా ఆగిన బండి మూత ఎత్తి, మీటరు పెట్టి, కాలు పెట్టకుండానే పెడల్ తీగ మీద వోల్టేజీ ఎంతుందో చూపించింది. తర్వాత ప్లగ్గు మీదికి వేడిగాలి కొట్టింది. మీటరులో అంకె దిగుతూ దిగుతూ సున్నా దగ్గరికి వచ్చింది. తాళం తిప్పింది. ఎర్రదీపం మిణుకుమనకుండా నిలకడగా వెలిగింది, అంటే పెట్టెకు ఏ బాధా లేదు. బండి మెత్తగా కదిలి, డాక్ మీద ఒక చుట్టు తిరిగింది. నడుపుతున్నది ఆమే. దుపట్టా ముడి గాలికి ఎగురుతోంది. నవ్వులు ఆగిపోయాయి.

మేనేజరు చప్పట్లు కొట్టి, “గుడ్ జాబ్. సరే, అందరూ పనిలోకి పోదాం,” అన్నాడు.

“ఆగండి,” అన్నాను నేను. “తప్పు నాదని మీరు ఇక్కడే అన్నారు, వీళ్ళందరి ముందే అన్నారు. కాదని కూడా ఇక్కడే అనాలి.”

“నో హార్డ్ ఫీలింగ్స్, మేట్. ఆఫీసులో మాట్లాడుకుందాం.”

“ఇక్కడే.”

అతను ఆమె వైపు చూశాడు, వీడికి చెప్పండి అన్నట్టు. ఆమె బండి దిగింది. తాళం తీసి నీలం కోటు జేబులో వేసుకుంది. కళ్ళద్దాలు తీసింది. ఒక అద్దం తుడిచింది. వెలుతురుకు పెట్టి చూసుకుంది. బయట లారీలు వరసకట్టి ఉన్నాయి. రెండో అద్దం తుడవడం మొదలుపెట్టింది. అంత నెమ్మదిగా ఆమె ఎన్నడూ తుడవలేదు. ఆ కాసేపట్లో ఒళ్ళు మండటం మొదటిసారి నాకు కాదు, ఇంకొకడికి.

“ఇట్ వాజ్‌న్ట్ ది సాఫ్ట్‌వేర్,” అన్నాడు మేనేజరు.

నేను కదల్లేదు.

“ఇట్ వాజ్‌న్ట్ హిమ్. చార్జర్లు బయట పెట్టించింది నేను. సారీ, మేట్.”

ముసలాయన తన బండి హారన్ నొక్కాడు. పక్కవాడు నొక్కాడు. కాసేపు ఆ డాక్ మీద హారన్లు తప్ప ఏమీ వినపడలేదు. ఆమె తాళం తీసి ముసలాయన చేతిలో పెట్టింది. నా పక్కనుంచి పోతూ, “ఇంక నిద్రపడతాదా?” అంది. ఆ రోజు ఇంటికి పోయి చెబితే, మా ఆవిడ ఆఖరి సూట్‌కేసు విప్పింది.

మేము స్నేహితులమని చెప్పను. ఆ తర్వాత ఎక్కడ కలిసినా నన్ను నలుగురికీ ఎలా పరిచయం చేసేదో వినండి. “ఈయప్ప తారీఖులు చేసేటోడు.” తారీఖుల పని అయిపోయి, నేను బ్యాంకులో పెద్ద ఉద్యోగానికి వచ్చాక కూడా అదే. నా విజిటింగ్ కార్డు ఇస్తే చూడకుండా సంచిలో వేసుకుంది. పాయింట్ కుక్‌లో మా కొత్త ఇంటి గృహప్రవేశానికి వచ్చి, ఇల్లు చూడకుండా నేరుగా గ్యారేజీలోకి పోయింది. నిరుడు కరెంటు కారు కొన్నానని ఫోన్ చేసి చెబితే, ఏం కారు, ఎంత దూరం పోతుంది అని అడగలేదు. “రాత్రిపూట యాడ పడుకుంటాది?” అంది. గ్యారేజీలోనే అన్నాను. “మంచిది. పెట్టుకో,” అని ఫోన్ పెట్టేసింది. అదే ఆఖరి మాట.

ఇక ఆ సందేశం సంగతి. సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి, తప్పు సరిచేయమన్నాను.

“చిన్న విషయం గదా అన్నా, పోయిన మనిషి గురించి మంచే రాశాం,” అన్నాడు.

“మీరు చూశారా, విన్నారా?” అన్నాను.

“ఏంటి?”

“ఆమె బిర్యానీ తిన్నారా?”

“తినలేదన్నా. అందరూ అంటారు గదా.”

ఆమె ఏం చేసేదో మొదటినుంచీ చెప్పాను. సరే, వచ్చే సంచికలో వేద్దామన్నాడు. ఎక్కడ రాశారో అక్కడే, ఆ గ్రూపులోనే, వాళ్ళందరి ముందే అన్నాను. రోజూ ఫోన్ చేశాను. నా నంబరు చూసి ఎత్తకపోతే మా ఆవిడ ఫోన్‌లోంచి చేశాను. చివరికి నిన్న పొద్దున సవరణ వచ్చింది. కర్నూలు నుంచి వచ్చిన ఆ ఆంటీ మోటారు కంట్రోలర్ల దోషాలు కనిపెట్టడంలో గొప్ప ఇంజనీరనీ, ముందు సందేశంలో ఆ సంగతి రాయకపోవడం తమ పొరపాటనీ రాశారు.

ఈసారి దాని కింద చేతుల బొమ్మలు పెద్దగా రాలేదు. ఆమె కూతురు మాత్రం ఒక మాట రాసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తుంది.

“థాంక్యూ తారీఖుల అంకుల్. మా మమ్మీ బిర్యానీ నిజంగా బాగుండదు.”

దానికి మాత్రం దణ్ణం పెట్టాను.